పదిహేడు ప్రశ్నార్థకాలు

ఆ ఆఫీసులో ఆమెను కన్నవాళ్లు పెట్టిన పేరుతో పిలిచేవాళ్లు ఒక్కరూ లేరు. కింద అచ్చుయంత్రం దగ్గర నిలబడే ఫోర్‌మన్ నుంచి పైన అద్దాల గదిలో కూర్చునే మేనేజరు దాకా అందరికీ ఆమె కామాక్కే. యూనివర్సిటీల పుస్తకాలకు పేజీలు కట్టే ఆ కంపెనీలో పందొమ్మిదేళ్లుగా ఆమె పని ఒకటే. పుస్తకం చివర రిఫరెన్సుల జాబితా ఉంటుందే, ఎవరూ చదవనిది, అది చదవడం. ఏ పేరు తర్వాత కామా రావాలి, ఏ సంవత్సరం తర్వాత చుక్క రావాలి, ఎవరి ఇంటిపేరు ముందుకు రావాలి అన్నది ఆమె నాలుక చివర ఉంటుంది. కొత్తగా చేరినవాళ్లు ఆమె బల్ల ముందు నిలబడాలంటే ముందు ఓసారి నీళ్లు తాగి వస్తారు.

నిజానికి ఆ పేరు ఆఫీసువాళ్లు పెట్టింది కాదు, ఆమె తమ్ముడు పెట్టింది. ఓ రోజు ఆమె మరిచిపోయిన టిఫిన్ డబ్బా పట్టుకుని వచ్చి, గుమ్మంలో నిలబడి, "మా కామాక్క ఉందాండీ?" అని గట్టిగా అడిగాడు. హాలంతా గొల్లున నవ్వింది. అంతే, ఆ పేరు జిగురులా అంటుకుపోయింది. అంటించినవాడు పోయి ఆరేళ్లయింది.

ఆ గురువారం పొద్దున ఆమె బల్ల మీదికి వచ్చిన పుస్తకం అసలు ఆమెకు రావాల్సింది కాదు. దాన్ని చూస్తున్న అమ్మాయి నెల తక్కువ కాన్పయి సెలవు పెట్టింది. మధ్యాహ్నం మూడున్నరకల్లా ఫైలు కిందికి వెళ్లాలి, నాలుక్కి యంత్రం ఎక్కాలి. ఆమె అట్టపేజీ తిప్పి రచయిత పేరు చూసింది. సముద్రం పక్కన ఊళ్లలో బావులు ఎలా ఉప్పగా మారిపోతున్నాయో ముప్పై ఏళ్లు చదువుకున్న ప్రొఫెసరు. ఆమె తమ్ముడి పీహెచ్‌డీకి గైడు. ఇంట్లో ఆయన్ని "ఆ మాస్టారు" అనేవాళ్లు, అదీ పళ్లు కొరుకుతూ.

సరే, పని పనే. కుర్చీ ముందుకు లాక్కుని కంప్యూటర్లో ఫైలు నడిపించింది. వెయ్యీ నూట నలభై రిఫరెన్సులు. మామూలు జబ్బులన్నీ ఉన్నాయి. ఒకే మనిషి ఒకచోట పొడి అక్షరాలతో, ఇంకోచోట పూర్తి పేరుతో వచ్చి ఇద్దరైపోయాడు. ఒకే వ్యాసం రెండుసార్లు చేరింది. ఒక పత్రిక పేరు ఒకచోట వాలుగా, ఒకచోట నిటారుగా ఉంది. అవన్నీ ఆమెకు చిటికెలో పని. పదిన్నరకల్లా సగం దులిపేసింది. తర్వాత ఐదో అధ్యాయంలోకి వెళ్లింది, చేతులు ఆగిపోయాయి.

వాక్యం చివర బ్రాకెట్లో ఒక ప్రశ్నార్థకం ఉంది. దట్టంగా, నల్లగా.

ఈ పనిలో దాని అర్థం అందరికీ తెలిసిందే. ప్రతి పుస్తకానికీ ఒక చిన్న చీటీ పేరు ఉంటుంది. రచయిత వాక్యం చివర ఆ చీటీ పేరు తగిలిస్తాడు. కంప్యూటరు వెనక జాబితాలోకి పోయి, ఆ చీటీ ఎవరిదో చూసి, అసలు పేరూ సంవత్సరమూ తెచ్చి అక్కడ పెడుతుంది. జాబితాలో అలాంటి మనిషి లేకపోతే ఏం చెయ్యాలో దానికి తెలియదు, ఒక ప్రశ్నార్థకం పెట్టి ఊరుకుంటుంది. ఆమె ఎన్ని వేలు చూసి ఉంటుంది అలాంటివి! తీరిగ్గా వెనక్కెళ్లి చీటీ చూసింది. తమ్ముడి పేరు. పక్కన "థీసిస్" అని.

లెక్కపెట్టింది. ఆ ఒక్క అధ్యాయంలోనే పదిహేడు చోట్ల ఉంది. పక్కన ప్రొఫెసరు రాసిన సూచన కూడా ఉంది. "ప్రశ్నార్థకం వచ్చిన ప్రతిచోటా ఈ ప్రస్తావన తీసేసి, రచయిత క్షేత్ర పరిశీలన అని పెట్టగలరు."

రచయితట! రచయిత! ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. బతికున్నప్పుడు నాలుగేళ్లు తిప్పించుకుని, చచ్చాక పేరు కూడా తుడిచేస్తాడా? ఎవర్నీ అడగకుండా, పుస్తకం మీదున్న నంబరు చూసి ఫోన్ కలిపింది.

"పదిహేడు చోట్ల ఒకరి పేరు తీసేసి మీది పెట్టమన్నారు. ఎందుకో చెప్పండి" అంది, నమస్కారం కూడా లేకుండా.

అవతల ముసలి గొంతు దగ్గింది. "ఎవరమ్మా మాట్లాడేది?"

"రిఫరెన్సులు చూసేదాన్ని."

"ఓహో. నాకూ అది సంతోషంగా ఏం లేదమ్మా. ఆ అబ్బాయి నా స్టూడెంటు. నాలుగేళ్లు తీరం వెంబడి తిరిగి మూడొందల బావుల నీళ్లు సీసాల్లో పట్టుకొచ్చాడు. ఆ అధ్యాయం మొత్తం వాడిదే. కానీ థీసిస్ ఇవ్వకుండానే పోయాడు. మీ కంపెనీ పంపిన నియమాల పుస్తకం తిరగేశాను. పద్నాలుగోది చూడు. సమర్పించని థీసిస్ జాబితాలో చేర్చకూడదట. ఎవరు రాశారో గానీ మహా గట్టి మనిషిలా ఉన్నారు. ఇంక నేనేం చెయ్యను చెప్పు?"

పద్నాలుగో నియమం ఎవరు రాశారో ఆమెకు తెలుసు. పదేళ్ల కిందట, ఈ బల్ల దగ్గరే, ఈ పెన్నుతోనే కాకపోయినా ఇలాంటి పెన్నుతోనే తను రాసింది. ఎవరో పెద్దమనిషి రాయని పుస్తకాన్ని రాసినట్టు చూపించుకుంటే ఒళ్లు మండి రాసింది.

ఆయనే మళ్లీ అందుకున్నాడు. "ఇచ్చెయ్యరా అని ఎంత మొత్తుకున్నానో. రిఫరెన్సుల్లో తప్పులుంటే ఉండనీ, ఇచ్చాక దిద్దుకోవచ్చు, అందరూ చేసేది అదే అన్నాను. వింటేనా! 'మా అక్క ఇంకా చూస్తోందండీ, అక్క సరే అనకుండా ఇవ్వను' అనేవాడు. ఆ అక్కదీ నీలాంటి ఉద్యోగమేనట."

హాల్లో కీబోర్డులు టకటకమంటున్నాయి. ఎవరో నవ్వుతున్నారు. ఆమె ఫోన్ ఇంకో చెవికి మార్చుకుంది.

"ఆ అక్కని నేనేనండీ" అంది.

 "అయ్యో తల్లీ. తెలిస్తే ఆ మాట అనకపోదును" అన్నాడాయన.

ఇక్కడ దాచేదేమీ లేదు, జరిగింది చెప్పుకోవాలి. తమ్ముడు థీసిస్ రాయడం పూర్తి చేసి, గడువుకి రెండు నెలల ముందే అక్క చేతిలో పెట్టాడు. "చివరి పేజీలు నీవే కామాక్కా, ఓ చూపు చూసి ఇచ్చెయ్" అన్నాడు. నాలుగొందల పన్నెండు రిఫరెన్సులు. పరాయివాళ్ల పుస్తకాలకి కళ్లలో ఒత్తులేసుకుని చూసే మనిషి, సొంత తమ్ముడి పుస్తకంలో ఒక కామా తప్పిపోనిస్తుందా? పెన్సిలు పట్టుకుని కూర్చుంది. రెండొందల ఎనభై తొమ్మిదో దాని దగ్గరికి వచ్చేసరికి గడువు దాటిపోయింది. "ఇది ఇలాగే ఇస్తే నా పరువేం కాను?" అని వాణ్ణే కసిరింది. వాడు తల గోక్కుని, యూనివర్సిటీ చుట్టూ తిరిగి, ఆరు నెలల గడువు తెచ్చుకున్నాడు. మూడు నెలలు కూర్చుని దిద్దుకున్నాడు. గుడ్డసంచిలో పెట్టి తెచ్చి ఆమె కుర్చీలో పెట్టాడు. "అన్నీ దిద్దేశాను, ఒక్కసారి చూడు" అన్నాడు. అప్పుడు ఆమెకి పనితో ఊపిరాడని సీజను. "వచ్చే వారం చూస్తాలే" అంది. ఏడు వారాలు వచ్చే వారమే అంది. ఎనిమిదో వారంలో వాడికి కామెర్లొచ్చాయి. మందులు పనిచెయ్యలేదు, కాలేయం చేతులెత్తేసింది. కొత్త గడువు ఇంకా పంతొమ్మిది రోజులుండగా పోయాడు.

వాడి ప్రాణం పోవడానికి ఆమె కారణం కాదు. పీహెచ్‌డీ డాక్టరయి పోవాల్సినవాడు, ఏమీ కాకుండా పోవడానికి మాత్రం ఆమే కారణం. ఇన్నేళ్లూ రెండు మాటలు చెప్పుకుని ఆమె నిద్రపోయింది. రిఫరెన్సులు సరిగా లేకపోతే ఎలాగూ తిప్పికొట్టేవాళ్లన్నది ఒకటి. వాడు దిద్దింది కూడా తప్పులతడకే అయ్యుంటుందన్నది రెండోది. మొదటిది ఇప్పుడే ఫోన్లో పోయింది.

"పేరు ఉంచితే మీకేమైనా అభ్యంతరమా?" అని అడిగింది ప్రొఫెసర్ని.

"ఉంచగలిగితే అంతకంటే కావలసిందేముందమ్మా. కానీ చూపించమంటే చూపించడానికి ఒక ప్రతి ఉండాలి కదా. నాకు విడి కాగితాలే ఇచ్చాడు వాడు."

"ఉంది" అంది ఆమె.

మేనేజరు మంచివాడే గానీ నియమాల పుస్తకమంటే మహా భక్తి. ఆమె అద్దాల గదిలోకి వెళ్లి పద్నాలుగో నియమం కొట్టేస్తానని చెబితే కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"అమ్మా, ఆ నియమం పేరు చెప్పి మీరే కదా ఓ ప్రిన్సిపాల్‌ని ఈ కుర్చీలో కూర్చోబెట్టి ఏడిపించారు?"

"ఏడిపించాను. తప్పు నాది."

ఆమె నోట "తప్పు నాది" అన్న మాట ఆ గోడలు అంతకుముందు విని ఉండవు. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని ఆమె మొహంలోకి చూశాడు. "సరే. కొట్టెయ్యండి. కానీ ఊరికే పేరు పెట్టి వదిలెయ్యడం కుదరదు. పేజీలెన్ని, ఏ సంవత్సరం, ప్రతి ఎక్కడుంది, ఈ మూడూ ఉండాలి. మూడున్నర దాటితే యంత్రం వేరేవాళ్లకి పోతుంది. మళ్లీ మన వంతు నెలాఖరుకే. అప్పటికి ఆ పెద్దాయన పుస్తకావిష్కరణ సభ అయిపోతుంది."

ఇల్లు రెండు వీధుల అవతలే. వాళ్లమ్మ వరండాలో ఆరిన బట్టలు మడత పెడుతోంది. కూతురు వేళకాని వేళ వచ్చి, స్టూలు లాగి అటక మీదికి చెయ్యి పెట్టేసరికి వాళ్లమ్మ చేతిలోని దుప్పటి జారిపోయింది.

"ఆ సంచి జోలికి పోనన్నావుగా?"

"పోవాల్సొచ్చిందమ్మా."

గుడ్డసంచి బూజు పట్టి ఉంది. లోపల రెండు కట్టలున్నాయి. ఒకటి పాతది, అంచుల నిండా ఆమె పెన్సిలు గీతలు. రెండోది కొత్తది, ఆమె ఒక్కసారి కూడా తెరవనిది. ఆమె మంచం మీద కూర్చుని, కొత్తది ఒళ్లో పెట్టుకుని, చివరి పేజీలు తీసింది. నిజానికి కావలసింది పేజీల సంఖ్యా సంవత్సరమూ, అవి మొదటి పేజీలోనే ఉన్నాయి. అయినా తీసింది. చూపుడువేలు ఒక్కో వరస మీద పెట్టుకుంటూ మొదటి దాని నుంచి మొదలెట్టింది.

ఆమె తప్పు కోసం వెతుకుతోంది. జీవితంలో ఎప్పుడూ అంత ఆశగా వెతకలేదు. ఒక్క తప్పు దొరికితే చాలు, ఒక్క కామా జారిపోయి ఉంటే చాలు, చూశావా, అందుకే ఆపాను అని తనకు తను చెప్పుకోవచ్చు. వంద దాటింది. రెండొందలు దాటింది. పెన్సిలు గీసిన ప్రతిచోటా వాడు దిద్దాడు. రెండొందల ఎనభై తొమ్మిది తర్వాత, ఆమె చూడని నూట ఇరవై మూడు కూడా, ఆమె చూస్తే ఏమంటుందో ఊహించుకుని మరీ దిద్దాడు. పేజీ నంబర్ల మధ్య గీత పొడవు కూడా వెంట్రుకవాసి తేడా లేదు. నాలుగొందల పన్నెండూ చూసింది. ఒక్క తప్పు లేదు.

ఆఖరి దాని కింద ఖాళీ జాగాలో, నీలం సిరాతో, వాడి కుదురులేని దస్తూరీలో ఉంది. "ఇక పంపిద్దామా కామాక్కా?"

ఆమెకు ఏడుపు రాలేదు.  ఆ కట్ట ఒళ్లో ఉండగానే వరండాలోకి చూసి, "అమ్మా, ఆ మాస్టారు వీణ్ణి ఆపలేదే" అంది. "ఇచ్చెయ్యమనే చెప్పాడట. నేనే ఆపాను. ఇదిగో, ఇది ఏడు వారాలు నా దగ్గరే ఉంది. నేను తెరవనేలేదు."

వాళ్లమ్మ మడత పెడుతున్న చొక్కా మడత పెడుతూనే ఉంది. పెట్టి, మళ్లీ విప్పి, మళ్లీ పెట్టింది.

"ఆరేళ్లే" అంది చివరికి. "ఆరేళ్లు ఆ మాస్టార్ని తిట్టుకుంటూ బతికాను. పొద్దున లేస్తే అదే నాకు పని. నా బిడ్డని పొట్టన పెట్టుకున్నాడని ఊరంతా చెప్పాను. నువ్వు పక్కనే కూచుని విన్నావు."

"విన్నానమ్మా."

"మరిప్పుడు ఎందుకు చెప్పావే? ఇప్పుడు నేనెవర్ని తిట్టుకోను? ఉన్నదానివి నువ్వొక్కదానివి."

 ఆమె కట్ట సంచిలో పెట్టుకుని లేచింది. గుమ్మం దాటుతుంటే వెనక నుంచి వాళ్లమ్మ, "వాడి పేరు వస్తుందా అందులో?" అని అడిగింది, ఆమె వైపు చూడకుండానే.

"వస్తుంది."

"వెళ్లు మరి, ఆలస్యం చెయ్యకు" అంది వాళ్లమ్మ.

రెండుంబావు అయింది. కామాక్క జాబితాలో కొత్త చీటీ తెరిచింది. తమ్ముడి ఇంటిపేరు, కామా, పేరు. సంవత్సరం. తర్వాత థీసిస్ పేరు, "బావుల్లోకి ఉప్పు ఎటునుంచి వస్తోంది?" అని. ఆ పేరు పెట్టినప్పుడు కూడా వాడితో గొడవ పడింది, థీసిస్‌కి ప్రశ్న పేరు పెడతారా ఎక్కడైనా అని. పేజీలు మూడొందల నలభై. సమర్పించనిది. ప్రతి ఎక్కడుందో చెప్పే చోట తన పేరూ ఇంటి చిరునామా కొట్టింది.

వెనక నిలబడి చూస్తున్న మేనేజరు వంగాడు. "మీ పేరా? ఇది మీ దగ్గరెందుకుందమ్మా?"

"నేను తిరిగి ఇవ్వలేదు గనక" అంది.

ఆయన చప్పుడు చెయ్యకుండా గదిలోకి వెళ్లిపోయాడు.

ఫైలు నడిపించింది. కాసేపు తిరిగి తిరిగి తెర నిండింది. ఐదో అధ్యాయం తెరిచి ఒక్కొక్కటీ చూసింది. ప్రశ్నార్థకం ఉన్నచోట వాడి పేరు, పక్కన సంవత్సరం. ఇంకో పేజీలో వాడి పేరు. ఒక పేజీలో మూడుసార్లు వాడి పేరు. పదిహేడూ లెక్కపెట్టి, నమ్మకం చాలక మళ్లీ లెక్కపెట్టింది. అప్పుడు వచ్చింది ఏడుపు. తల వంచుకుని, కీబోర్డు మీద పడకుండా కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చింది. పక్క బల్లలవాళ్లు తెర చూస్తున్నట్టు నటించారు.

మిగతా సగం రిఫరెన్సులూ దులిపి, మూడూ ఇరవై ఐదుకి ఫైలు కిందికి పంపింది.

అక్కడొక ఆనవాయితీ ఉంది. యంత్రం మీంచి మొదటి కాగితాలు రాగానే ఫోర్‌మన్ వాటిని పైకి పంపుతాడు, కామాక్క చూసి ఫోన్లో సరే అంటేనే మిగతావి తిరుగుతాయి. పందొమ్మిదేళ్లలో ఆమె మొదటిసారే సరే అన్న పుస్తకం ఒక్కటీ లేదు. అందుకని ఫోర్‌మన్ ఆమెకి ఫోన్ చేసేముందు టీ చెప్పుకుంటాడు.

నాలుక్కి సిరా ఆరని కాగితాలు వచ్చాయి. ఆమె రిఫరెన్సుల పేజీలు తీసి, అలవాటు కొద్దీ వేలు పెట్టి దిగుతూ వచ్చింది. తమ్ముడి దగ్గర వేలు ఆగింది.

థీసిస్ పేరు చివర ప్రశ్నార్థకం ఉంది కదా. ప్రతి పేరు చివరా చుక్క పెట్టమని కంప్యూటరుకు ఎప్పుడో చెప్పి ఉంది, అది ముందూ వెనకా చూడదు, ఇక్కడా పెట్టేసింది. ప్రశ్నార్థకం పక్కనే ఒక చుక్క. నిద్రలో లేపి అడిగినా చెప్పగలిగే తప్పు. ఎన్ని పుస్తకాలను ఈ ఒక్క చుక్క కోసం ఆపిందో. ఏడుపులో పడి చూసుకోలేదు. వెయ్యి పైచిలుకు రిఫరెన్సుల్లో కంటబడ్డ ఒకే ఒక్క తప్పు, అదీ వీడి దాంట్లో.

ఫోన్ మోగింది.

"చెప్పండి కామాక్కా, ఎక్కడ ఆపమంటారు?" అన్నాడు ఫోర్‌మన్, టీ చప్పరిస్తూ. వెనక యంత్రం ఖాళీగా గుర్రుమంటోంది. "ఆపితే ఇంక నెలాఖరే, ముందే చెబుతున్నా."

ఆమె ఆ చుక్క మీద వేలు పెట్టి ఉంచింది. సంచి బల్ల మీదే ఉంది, కట్ట అంచు బయటికి కనిపిస్తోంది.

"ఆపొద్దు" అంది.

"ఏంటీ?"

"ఆపొద్దు అన్నాను."

"ఒక్క తప్పు కూడా లేదా?"

"ఒకటుంది. ఉండనీ. పంపించెయ్యండి."

అవతల గ్లాసు బల్ల మీద పెట్టిన చప్పుడైంది. ఆయన ఫోన్ పెట్టేశాడు. కాసేపటికి కింద యంత్రం అందుకుంది, పైన నేల సన్నగా వణికింది. కామాక్క సంచిలోంచి ఆఖరి పేజీ తీసి, నీలం సిరా కింద పెన్సిలుతో "పంపించేశాన్రా" అని రాసింది. చుక్క పెట్టలేదు.